ఇంట్లో తూటాలు రీలోడ్ చేయాలంటే ఏ ప్రెస్ కొనాలి

ముందే చెప్పేస్తున్నా, ఇది అమెరికాలో ఉండేవాళ్ల కోసం. నేనుండేది టెక్సాస్. ఇక్కడ సొంత వాడకానికి ఇంట్లో రీలోడ్ (కాల్చేసిన ఖాళీ కేసులతో మళ్లీ తూటాలు తయారు చేయడం) చేసుకోవచ్చు, అమ్మాలంటే మాత్రం ఫెడరల్ లైసెన్స్ కావాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి మామూలుగా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే కుదరదు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, అది ముందు చూసుకోండి. ఇండియాలో లైసెన్స్ లేకుండా ఈ పని చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసే.

సరే, విషయానికొద్దాం. తూటాలో నాలుగు భాగాలు: కేస్ అంటే ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే చిన్న బిళ్ల ప్రైమర్, లోపల మందు, మూతిలో బుల్లెట్. ఇవి కూర్చడానికి వాడే చేతి యంత్రమే ప్రెస్. ప్రెస్‌లు ముఖ్యంగా మూడు రకాలు.

సింగిల్ స్టేజ్‌లో ఒకసారికి ఒక్క డై (కేస్‌ని సరిచేసే, బుల్లెట్ బిగించే అచ్చు లాంటిది) మాత్రమే పడుతుంది. హ్యాండిల్ కిందికి లాగితే ర్యామ్ (కేస్‌ని మోసే కడ్డీ) పైకెళ్లి ఖాళీ కేస్‌ని డైలోకి తోస్తుంది, అంతే దాని పని. ఓ యాభై కేసులు వరసగా పెట్టుకుని, అన్నిటికీ సైజింగ్ (ఉబ్బిన కేస్‌ని అసలు కొలతకి నొక్కడం) చేసి కాలిన ప్రైమర్లు ఊడగొట్టి, డై మార్చి మళ్లీ ఆ యాభైకీ మూతి కాస్త విప్పి, కొత్త ప్రైమర్, మందు, పైన బుల్లెట్, ఇలా ఒక్కో పనీ యాభైసార్లు చేస్తూ పోవాలి. గంటకి యాభై తయారైతే గొప్పే. విసుగే, కానీ ప్రతి కేసూ ఐదారుసార్లు చేతిలోకొస్తుంది కాబట్టి తప్పు కంటికి దొరుకుతుంది. ఆర్‌సీబీఎస్ రాక్ చక్కర్ ఈ రకమే, గట్టి O ఆకారపు ఫ్రేమ్. వేట రైఫిల్‌కి నెలకి ఇరవై ముప్పై, అదీ గురి తప్పకుండా కావాలనుకునేవాళ్లకి ఇదే చాలు.

టరెట్‌లో పైన తిరిగే పళ్లెం లాంటిది ఉంటుంది, డైలన్నీ దానికే బిగించి ఉంటాయి, మాటిమాటికీ విప్పక్కర్లేదు. లీ క్లాసిక్ టరెట్‌లో నాలుగుంటాయి, హ్యాండిల్ లాగినప్పుడల్లా పళ్లెం దానంతటదే తిరుగుతుంది. నాలుగు లాగుళ్లకి ఒక తూటా. నెలకి రెండు మూడొందల 9ఎంఎం పిస్టల్ తూటాలు కాల్చేవాడికి నా ఓటు దీనికే.

ప్రోగ్రెసివ్ అంటే డిల్లాన్ 750 లాంటివి. ఐదు కేసులు ఐదు చోట్ల ఉండి ఒకేసారి ఐదు పనులు జరుగుతాయి, ఒక్క లాగుడికి ఒక తూటా పడుతుంది. గంటకి నాలుగైదొందలు తేలిగ్గా. ప్రతి వారం షూటింగ్ మ్యాచ్‌లకి వెళ్లేవాళ్లకి ఇది కావాల్సిందే. కొత్తవాళ్లకి మాత్రం నేల విడిచి సాము, ఎందుకంటే ఆ సాము నేనే చేశా.

సెకండ్ హ్యాండ్‌లో ప్రోగ్రెసివ్ దొరికిందని ఎగబడి కొన్నా. ఓ రోజు మధ్యలో ఫోనొస్తే మాట్లాడొచ్చి ఆపిన చోటు నుంచే లాగేశా అనుకున్నా. ఆ శనివారం రేంజ్‌లో ఢాం అనాల్సింది టప్ అంది, స్లయిడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) కదల్లేదు. పక్క లేన్ ఆయన ఆపు ఆపు అని అరిచాడు. విప్పి చూస్తే బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉంది. కేస్‌లో మందే పడలేదు, ప్రైమర్ ఒక్కటే తోసింది. ఇంకోటి కాల్చి ఉంటే బ్యారెల్ పగిలేది. మందు డబుల్ పడితే ఇంకా ఘోరం, 9ఎంఎం కేస్‌లో కొన్ని మందులు రెండింతలు పోసినా పొంగి బయటికి రావు, లైట్ వేసి లోపలికి చూస్తేనే తెలుస్తుంది.

అందుకే మొదటి వెయ్యి తూటాలూ సింగిల్ స్టేజ్ మీదో, టరెట్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పుకుంటూనో చెయ్యండి. తర్వాత పెద్దది కొన్నా పాతది వృథా కాదు, ప్రైమర్లు ఊడగొట్టే పని నాకు ఇప్పటికీ సింగిల్ స్టేజ్ మీదే నడుస్తోంది. డైలు కూడా చాలావరకు ఒకే సైజు మరతో వస్తాయి, డిల్లాన్ స్క్వేర్ డీల్ లాంటి ఒకటి రెండు ప్రెస్‌లకే సొంత డైలు కావాలి, కొనేముందు అడగండి.

ప్రెస్ బిగించే బల్ల మాత్రం గట్టిది చూసుకోండి, రైఫిల్ కేస్ సైజ్ చేస్తుంటే తేలికపాటి బల్ల హ్యాండిల్‌తో పాటే లేస్తుంది. ఆ బల్ల మీద నేను టీ కప్పు కూడా పెట్టను, కాలిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, పనయ్యాక సబ్బుతో చేతులు కడిగాకే పిల్లల దగ్గరికి.