మిరప మొక్కకు ఆకుముడత: మందు కొనేముందు ఆకు తిరగేసి చూడండి

మిద్దె తోట వేసుకున్నవాళ్లు నాకు పంపే ఫొటోల్లో ఎక్కువ మిరప మొక్కవే. చిగురు ముడుచుకుపోయి, ఎదుగుదల ఆగిపోయి ఉంటుంది. కింద ఒకటే ప్రశ్న: "బొబ్బర (ఆకుముడత) వచ్చింది, ఏం కొట్టాలి?" ఫొటో ఎప్పుడూ పైనుంచే తీస్తారు. ఆకు వెనక ఎలా ఉందని అడిగితే చూడలేదంటారు. అప్పటికే వేపనూనె ఒకసారి, పుల్ల మజ్జిగ ఒకసారి, పక్కింటివాళ్లు ఇచ్చిన పురుగుమందు మరోసారి కొట్టేసి ఉంటారు.

ఆకుముడతకు కారణాలు నాలుగైదు ఉన్నాయి. ఒకదానికి పనిచేసే మందు ఇంకొకదాన్ని పెంచుతుంది. అందుకే ముందు ఆకు ఎటు ముడుచుకుందో చూడండి, తర్వాత తిరగేసి వెనక చూడండి. రెండు నిమిషాల పని ఇది. రోటి పచ్చడికి అప్పటికప్పుడు నాలుగు కాయలు కోసుకునే సుఖం ఈ రెండు నిమిషాల బద్ధకంతో పోగొట్టుకోవడం నాకు నిజంగా బాధనిపిస్తుంది.

మధ్యాహ్నం ముడిచి, సాయంత్రానికి విచ్చుకుంటోంది

తెగులేమీ లేదు, ఎండ దెబ్బ. కుండీలో వేలు దించి చూడండి, లోపల పొడిగా ఉంటే నీళ్లు చాలడం లేదు. మిద్దె మీద గచ్చు కాలిపోతుంటుంది కాబట్టి కుండీ కింద రెండు ఇటుకలు పెట్టండి, మట్టి మీద ఎండుటాకులు పరవండి.

అంచులు పైకి లేచి ఆకు దొప్పలా అయింది

దీన్ని పై ముడత అంటారు. కారణం తామర పురుగులు. ఆకు వెనక ఈనెల పక్కన వెండిరంగు చారలు కనిపిస్తాయి. చిగురు కింద తెల్ల కాగితం పట్టుకుని రెండుసార్లు తట్టండి. నూలుపోగు ముక్కల్లాంటి సన్నటి పురుగులు రాలి పరిగెడితే అవే.

లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కొంచెం సబ్బు నీళ్లో కుంకుడు రసమో వేసి, సాయంత్రం పూట ఆకు అడుగున తడిచేలా కొట్టండి. వారానికోసారి చొప్పున మూడు వారాలు. నీలిరంగు జిగురు అట్టలు కూడా వేలాడదీయండి, తామర పురుగులు ఆ రంగుకు వస్తాయి. పూలు కూడా తట్టి చూడటం మరవకండి. 2021లో గుంటూరు, ఖమ్మం వైపు మిరప చేలను ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగు ఆకుల కంటే పూలలోనే ఎక్కువ దాక్కుంటుంది. పూత అంతా రాలిపోతుంటే దాన్నే అనుమానించాలి.

అంచులు కిందికి దిగి ఆకు బోర్లించినట్టయింది

అందరూ దెబ్బతినేది ఇక్కడే. నన్ను ఎక్కువ విసిగించింది కూడా ఇదే. దీన్ని కింది ముడత అంటారు, చేసేది తెల్లనల్లి.

ముందు దాని గుర్తులు చెబుతాను. లేత ఆకులు కిందికి ముడుచుకుని, మందంగా, పెళుసుగా అవుతాయి. పట్టుకుంటే గరుకుగా తగులుతాయి. ఆకు చిన్నదవుతుంది గానీ కాడ మాత్రం సాగి సన్నగా, పొడుగ్గా అవుతుంది. ఆకు అడుగున లేత గోధుమరంగు మెరుపు వస్తుంది. చిగురు గిడసబారి ఆగిపోతుంది. కాయలుంటే వాటి తొక్క మీద గోధుమరంగు గరుకు పొర కడుతుంది. ముదురాకులు మాత్రం బాగానే ఉంటాయి, ఎందుకంటే ఈ నల్లికి లేత చిగురే కావాలి.

తిరగేసి చూసినా పురుగు కనబడదు. మోసమంతా అందులోనే ఉంది. తెల్లనల్లి సైజు మిల్లీమీటరులో అయిదో వంతు, రంగు కూడా దాదాపు ఉండదు. కాగితం మీద తట్టినా ఏమీ తెలియదు. దాంతో పురుగు లేదు కాబట్టి పోషకాల లోపమే అనుకుని ఎరువులు గుప్పిస్తారు. నత్రజని ఎక్కువై మరింత లేత చిగురు వస్తుంది, నల్లికి విందు దొరుకుతుంది. కనీసం పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం ఒకటి కొనుక్కోండి, లేదా ఫోన్ కెమెరాకు తగిలించే మాక్రో లెన్స్. ఇంకా పూర్తిగా విచ్చుకోని చిగురాకు అడుగున, ఈనెల వెంట చూస్తే తెల్లటి చుక్కలు తేలిన గుడ్లు కనిపిస్తాయి. తెల్లనల్లి అని తేల్చుకోవడానికి ఆ గుడ్లు చాలు.

ఇక మందు సంగతి. నల్లి పురుగు జాతి కాదు. ఎనిమిది కాళ్లతో సాలీడు వర్గానికి చెందిన జీవి. రసం పీల్చే పురుగులకని షాపులో ఇచ్చే ఇమిడాక్లోప్రిడ్ లాంటివి దీన్ని చంపవు. పైగా నల్లిని తినే మేలుచేసే జీవులు చచ్చి, నల్లి రెట్టింపవుతుంది. "మందు కొట్టాక ఇంకా ఎక్కువైంది" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది కింది ముడతా అనే.

చేయాల్సింది ఇది. బాగా ముడిచిన కొసలను రెండు మూడు కణుపుల కిందికి కత్తిరించి, కవర్లో మూటగట్టి చెత్తబండికి ఇచ్చేయండి. కంపోస్టులో వేయొద్దు. కాయలుంటే కోసేయండి. తర్వాత వెటబుల్ సల్ఫర్, అంటే నీళ్లలో కలిసే గంధకం పొడి, లీటరుకు 3 గ్రాములు కలిపి, మాస్కు కట్టుకుని, ఎండ తగ్గాక చిగుళ్ల అడుగున తడిచేలా కొట్టండి. వారానికి మళ్లీ ఒకసారి, ఆపై వారం ఇంకోసారి. వెచ్చటి తేమ వాతావరణంలో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి అయిదారు రోజులే పడుతుంది, కాబట్టి ఒక్కసారి కొట్టి వదిలేస్తే ఫలితం ఉండదు.

గంధకం వాడేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. వేపనూనె కొట్టి రెండు వారాలు కాకుండా గంధకం కొట్టొద్దు, ఆ రెండూ కలిస్తే ఆకు మాడిపోతుంది. పగలు 32 డిగ్రీలు దాటే రోజుల్లోనూ వద్దు. ఈ నల్లి ఎక్కువగా వచ్చేది వానలు పడి గాలిలో తేమ ఉన్నప్పుడు కాబట్టి ఆ ఇబ్బంది తక్కువే. వేసవిలో వస్తే మాత్రం కొసలు కత్తిరించి, పైపు నీళ్లతో ఆకు అడుగున గట్టిగా కడగండి. మూడోది, పక్కనే దోస, బీర, సొర తీగలుంటే అడ్డంగా గుడ్డ కట్టండి. వాటికి గంధకం పడదు.

ఇదంతా సరిగ్గా చేసినవాళ్లు కూడా వారం తిరిగేసరికి టెన్షన్ పడుతుంటారు. "ఆకులు ఇంకా అలాగే ఉన్నాయి, మందు పనిచేయలేదు" అని కొత్త మందుకు పరిగెడతారు. ముడిచిన ఆకు మళ్లీ విచ్చుకోదు. దాన్ని చూడటం మానేయండి. కత్తిరించిన చోట పక్కనుంచి వచ్చే కొత్త పిలకను చూడండి. అది చదునుగా, నునుపుగా వస్తే మందు పనిచేసినట్టే. ఆ పిలక కోసం రెండు వారాలు ఓపిక పట్టాలి. ముద్దగట్టిన కొస పక్కన వేలిగోరంత నిగనిగలాడే ఆకు విచ్చుకోవడం చూస్తే కలిగే సంతోషం మొదటి కాయ కోసినప్పటి సంతోషానికి తీసిపోదు.

నల్లి గాలికి వస్తుంది, మన చేతులకూ బట్టలకూ అంటుకుని వస్తుంది, తెల్లదోమ కాళ్లు పట్టుకుని కూడా ప్రయాణం చేస్తుంది. అందుకే ముడత ఉన్న కుండీని దూరంగా పెట్టి, దాని పని చివర్లో చేసి, చేతులు కడుక్కోండి. వంగ, బొప్పాయి, నిమ్మ చిగుళ్లు కూడా ఒకసారి చూడండి. నర్సరీ నుంచి కొత్త నారు తెచ్చినప్పుడు వారం పది రోజులు విడిగా ఉంచండి.

ఆకులు జిగురుగా ఉన్నాయి, చీమలు తిరుగుతున్నాయి

పేనుబంక. ఆకు తిప్పితే గుంపులు గుంపులుగా కనిపిస్తుంది. నీళ్లతో కొట్టి కడగండి, తగ్గకపోతే వేపనూనె.

ఆకులు చిన్నవై, పసుపు కలిసి, మొక్క మొత్తం గుబురుగా మారింది

ఈనెల మధ్య పసుపు తేలి, ఆకులు పైకి ముడిచి, కదిపితే తెల్లదోమ లేస్తుంటే జెమిని వైరస్ అని అర్థం. దీనికి మందు లేదు. మనసు ఒప్పకపోయినా పీకేయండి. ఉంచితే తెల్లదోమ దాన్ని పక్క మొక్కలకు, టమాటాకు కూడా అంటించే ప్రమాదం ఉంది. పసుపు జిగురు అట్టలు పెట్టి దోమను తగ్గించాకే కొత్త నారు నాటండి.

కాల్షియం లోపం, బోరాన్ లోపం, పక్క పొలంలో కొట్టిన కలుపుమందు గాలికి రావడం వంటివి కూడా చెబుతుంటారు. మంచి మట్టి, పశువుల ఎరువు కలిపిన కుండీలో మొదటి రెండూ అరుదు. మూడోది పట్నంలో మిద్దె మీద ఇంకా అరుదు. పైవన్నీ చూశాకే వీటి జోలికి వెళ్లండి.

మొక్క పీకేశాక మట్టి పారేయాల్సిన పనిలేదు. తెల్లనల్లి లేత ఆకు లేకుండా ఎక్కువ రోజులు బతకదు. తామర పురుగుల కోశాలు (రెక్కల పురుగుగా మారేముందు దశ) మాత్రం మట్టిలో ఉంటాయి కాబట్టి కుండీ తిరగబోసి, మట్టిని పలచగా పరిచి, నాలుగు రోజులు మంచి ఎండలో కలియబెడుతూ ఆరబెట్టి, గుప్పెడు వేపపిండి కలిపి మళ్లీ నింపుకోండి.