70 ఏళ్లు నిండినవారికి ఆయుష్మాన్ వయ వందన కార్డు: దరఖాస్తు విధానం

2018లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆయుష్మాన్ భారత్ పేదరికాన్ని లెక్కగట్టి కార్డులిచ్చింది. జాబితాలో పేరు లేని చిరువ్యాపారి, పింఛను లేని ప్రైవేటు ఉద్యోగి, పిల్లల సంపాదనే ఆధారమైన తల్లి వంటివారు ముసలితనంలో ఆసుపత్రి ఖర్చుకు అప్పు చేయవలసి వచ్చేది. తెల్ల రేషన్ కార్డు లేక ఆరోగ్యశ్రీకి దూరమైన ఇళ్లలోనూ ఇదే పరిస్థితి. 2024 అక్టోబరు 29 నుంచి ఆదాయంతో నిమిత్తం లేకుండా, 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఈ పథకం కింద ఆయుష్మాన్ వయ వందన కార్డు పొందే హక్కు కల్పించారు. పేదనని రుజువు చేసుకోవలసిన పని లేకపోవడమే ఇందులోని అసలైన మార్పు.

కార్డుపై కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో నగదు చెల్లించకుండా చికిత్స పొందవచ్చు. ఇంట్లో ఇద్దరు వృద్ధులుంటే ఆ మొత్తం ఇద్దరికీ కలిపి వర్తిస్తుంది. ఇప్పటికే పథకంలో ఉన్న కుటుంబాల్లోని వృద్ధులకు మాత్రం ఇది అదనం, చిన్నవారితో పంచుకోనక్కరలేదు. పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలోనో, మాజీ సైనికుల పథకంలోనో ఉన్నవారు ఆ పథకాన్నో, ఈ కార్డునో ఒకదాన్నే ఎంచుకోవాలి. ఈఎస్ఐ, ప్రైవేటు బీమా ఉన్నా అర్హత పోదు.

దరఖాస్తుకు ఆధార్ ఒక్కటే చాలు. ఆయుష్మాన్ యాప్‌లో గానీ, జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ లబ్ధిదారుల పోర్టల్‌లో గానీ మొబైల్ నంబరుతో లాగిన్ అయి, 70 ఏళ్లు దాటినవారి నమోదును ఎంచుకుని, రాష్ట్రం, జిల్లా, ఆధార్ సంఖ్య ఇచ్చి ఈ-కేవైసీ (ఆధార్ ద్వారా గుర్తింపు నిర్ధారణ) పూర్తి చేయాలి. ఆపై ఫొటో తీసి, కుటుంబ వివరాలు నింపి, ఇతర ప్రభుత్వ పథకాల గురించి ధ్రువీకరణ ఇచ్చి సమర్పిస్తే, ఆమోదం వచ్చాక కార్డు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

చాలామంది ఆగిపోయేది ఈ-కేవైసీ దగ్గరే. జీవితమంతా కాయకష్టం చేసినవారి వేలిముద్రలు అరిగిపోయి యంత్రానికి చిక్కవు. అలాంటప్పుడు వెనుదిరగకుండా ఓటీపీ, కనుపాప, ముఖ గుర్తింపులలో ఒకటి అడగాలి. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు మొబైల్ నంబరు జతై ఉండాలి. వయసు ఆధార్ ప్రకారమే చూస్తారు కాబట్టి, అందులో తక్కువగా పడితే ముందుగా ఆధార్ కేంద్రంలో సరిచేయించుకోవాలి. జబ్బు పడ్డాక ఈ తిరుగుడు పెద్దలకు తగదు. ఇంట్లోని చిన్నవారు ఇప్పుడే చూసిపెట్టాలి.

ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఓపీ చికిత్సకు ఈ కార్డు పనికిరాదు. నెలనెలా వాడే బీపీ, షుగర్ మందులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్నే ఆశ్రయించాలి. ఆసుపత్రిలో చేరితే అక్కడ ఈ పథకం రోగులకు సాయపడే ఆరోగ్య మిత్రను కలవాలి. సందేహాలకు 14555కు ఫోన్ చేయవచ్చు.