గ్రీకు సముద్ర కన్యలను గుర్తుపట్టడం ఎలా

గ్రీకు పురాణాల్లో ఏ జలకన్య ఎదురైనా ముందుగా ఆమె తండ్రి ఎవరో చూడాలి. సముద్ర దేవుడు నీరియస్ కుమార్తె అయితే ఆమె నీరియిడ్, భూమిని చుట్టి పారే మహానదికి దేవుడైన ఓషియానస్ కుమార్తె అయితే ఓషియానిడ్. నీరియిడ్‌లు 50 మంది. ఓషియానిడ్‌లు 3,000 మంది అని దేవతల వంశావళిని చెప్పే ‘థియోగనీ’ కావ్యంలో రాసిన ప్రాచీన గ్రీకు కవి హెసియడ్, వారిలో 41 మంది పేర్లు మాత్రమే ఇచ్చాడు. వీరందరూ సముద్రవాసులే అనుకోకూడదు. పాతాళ నది స్టిక్స్, దేవతల రాజు జ్యూస్ తొలి భార్య మెటిస్ కూడా ఓషియానిడ్‌లే.

థెటిస్, టెథిస్ అనే పేర్ల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. టెథిస్ ఓషియానస్ భార్య. ఆమె కుమార్తె డోరిస్ నీరియస్‌ను పెళ్లాడి థెటిస్‌ను కన్నది కనుక, వీరిద్దరూ అమ్మమ్మా మనవరాళ్లు. అలాగే హెసియడ్ జాబితాలోని కాలిప్సో ఓషియానిడ్ కాగా, హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’లోని కాలిప్సో అట్లాస్ కుమార్తె.

వంశం తెలిశాక కథలో వారు ఏం చేస్తారో గమనించాలి. అందుకు హోమర్ రాసిన ట్రోజన్ యుద్ధ కావ్యం ‘ఇలియడ్’ 18వ సర్గను మించిన చోటు లేదని నా అభిప్రాయం. తన మిత్రుడు పట్రోక్లస్ మరణవార్త విని వీరుడు అకిలీస్ పెట్టిన ఆక్రందన, సముద్రగర్భంలో ముసలి తండ్రి నీరియస్ పక్కన కూర్చున్న అకిలీస్ తల్లి థెటిస్ చెవిన పడుతుంది. ఆమె ఏడవగానే అక్కచెల్లెళ్లు చుట్టూ చేరి గుండెలు బాదుకుంటారు. హోమర్ అక్కడ వరుసగా చెప్పే పేర్లను దాటవేయకుండా బిగ్గరగా చదవండి. కొడుకు ఇంకా బతికుండగానే తల్లి అతని కోసం శోకిస్తున్న ఆ ఘట్టంలో, ఆ పేర్ల వరుసే ఆమె వెంట నిలిచిన బంధువర్గాన్ని మన కళ్లకు కట్టిస్తుంది.

చిత్రాల్లోనైతే చేపతోక కోసం వెతకవద్దు. నీరియిడ్‌లు సాధారణంగా పూర్తి స్త్రీరూపంలోనే ఉంటారు, తరచుగా డాల్ఫిన్ల మీదనో సముద్రాశ్వాల మీదనో సాగిపోతుంటారు. పక్షి శరీరంతో కనిపించేవారు సైరెన్లు. బెర్లిన్‌లో ఉన్న, పీథినోస్ అనే ప్రాచీన గ్రీకు చిత్రకారుడి పాత్ర మీద, థెటిస్‌ను పెళ్లాడబోయే పీలియస్ రెండు చేతుల వేళ్లూ పెనవేసి ఆమె నడుమును బిగించి పట్టుకున్నాడు. చుట్టుకున్న పాములు, చిన్న సింహం వేరే జంతువులు కావు. పట్టు విడిపించుకోవడానికి ఆమె మార్చిన రూపాలను చిత్రకారుడు అలా ఒకేసారి చూపాడు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ప్రాచీన నగరం జాంథోస్ నుంచి వచ్చిన సమాధి కట్టడపు స్త్రీ విగ్రహాలను చూసేటప్పుడు ముఖాల కంటే ముందు పాదాల కింద పరిశీలించండి. వారిని నీరియిడ్‌లుగా గుర్తించడానికి అక్కడ చెక్కిన సముద్ర జీవులే ప్రధాన ఆధారం.