చక్కెర పాకం, లైనింగ్ గుడ్డ: ఇంట్లోనే వ్యాక్సింగ్

మాది కడప, ఎర్రముక్కపల్లె. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పెళ్లిళ్ల కాలం మొదలైందంటే స్లీవ్‌లెస్, నెట్టు చేతుల జాకెట్లే ఎక్కువ వస్తాయి. ట్రయల్ వేసుకుని అద్దం ముందు నిలబడగానే అమ్మాయి చేతులు రెండూ ఒంటికి అదుముకుంటుంది. "అక్కా, చేతులు కొంచెం పొడుగు పెడదామా?" అని మెల్లగా అడుగుతుంది. పత్రికల్లో అవాంఛిత రోమాలని రాస్తారు గానీ, మా మిషను దగ్గర ఆ మాటకు పేరు బొచ్చే. పార్లర్‌కు పోవాలంటే కొందరికి సిగ్గు, కొందరికి డబ్బుల ఇబ్బంది, కొందరిని ఇంట్లో పంపరు.

ఉంటే ఉండనీ, తప్పేముంది అని ముందు ఆ మాటే చెబుతాను. తీసుకోవాల్సిందే అంటే మాత్రం, నా ఒంటి మీదే చేసి చూసుకున్నవి చెబుతాను. ఒళ్లంతటికీ ఒకటే పద్ధతి పనికిరాదు. పట్టుకు వాడే సూది షిఫాన్‌కు వేస్తే చిల్లులు పడతాయి కదా, అట్లాగే. చేతులకూ కాళ్లకూ నేను చక్కెర పాకమే వాడతాను. చంకలకు రేజర్. పెదవి పైన దారం.

పాకానికి కావాల్సినవి: ఒక గ్లాసు చక్కెర, అంటే సుమారు 200 గ్రాములు, రెండు పెద్ద స్పూన్ల నిమ్మరసం, రెండు పెద్ద స్పూన్ల నీళ్లు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి సన్న మంట మీద పెట్టండి. నిమ్మకాయ మానేయొద్దు. దాని పులుపు చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడగొడుతుంది. అందుకే పాకం చల్లారినా పలుకులు కట్టదు. మొదటిసారి ఇంట్లో నిమ్మకాయలు లేక ఒట్టి చక్కెరతో చేశాను. తెల్లారి చూస్తే గిన్నెలో కలకండ.

పాకం పట్టడం మన ఆడవాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసుకుని ఒక చుక్క వేయండి. వేళ్ల మధ్య తీగ సాగితే ఇంకా లేతది. మెత్తని ఉండ అయి, చేతిలో కూర్చుని జారిపోతుంటే అది అరిసెల పాకం. పళ్లేనికి కొడితే ఠంగుమంటే బొరుగుల ఉండల పాకం, అది మనకు పనికిరాదు. మనకు కావాల్సింది ఈ రెండింటి నడుమ, అరిసెల పాకం దాటి నాలుగు బుడగలు వచ్చేదాకా. ఉండ కాస్త గట్టిగా నిలవాలి, నొక్కితే సాగాలి. వంట థర్మామీటర్ ఉన్నవాళ్లు 118 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్టవ్ ఆపేయొచ్చు. నేను రంగు చూస్తాను. తేనె రంగు రాగానే దించేస్తాను, ఎందుకంటే దించాక కూడా గిన్నె వేడికి అది ముదురుతూనే ఉంటుంది. మరీ గట్టిపడితే ఒక స్పూను నీళ్లు పోసి మళ్లీ వేడి చేయండి. పల్చగా ఉంటే ఇంకో రెండు నిమిషాలు మంట మీద పెట్టండి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఆ పాకం మరిగే నీళ్ల కంటే వేడి. నీళ్లైతే జారిపోతాయి, ఇది అంటుకుని వదలదు. నా ఎడమ ముంజేతి మీద చొక్కా గుండీ అంత మచ్చ ఉంది, అది అట్లా వచ్చిందే. అరగంటైనా ఆగండి. మణికట్టు లోపలివైపు కొంచెం రాసుకుంటే గోరువెచ్చగా తగలాలి, అంతే.

గుడ్డ సంగతి మాత్రం నన్నడగాల్సిందే. లైనింగ్‌కు వాడే కాటన్ గుడ్డలో మిగిలిన ముక్కలు చాలు. రెండంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల పొడవు. నిలువు పోగు మీదే కత్తిరించండి. క్రాస్‌లో కత్తిరిస్తే లాగినప్పుడు గుడ్డ సాగిపోతుంది, వెంట్రుక మాత్రం చర్మం మీదే ఉండిపోతుంది. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది కాబట్టి ఒకసారి ఉతికి ఆరేయండి. పాలిస్టర్ ముక్కకు పాకం పట్టదు, జారిపోతుంది.

వెంట్రుక బియ్యపు గింజంత పొడవుంటే చాలు. అంతకంటే పొట్టిగా ఉంటే పాకానికి అందదు, మరీ పొడవైతే నొప్పి, ముందు కత్తెరతో కత్తిరించుకోండి. మా ఊళ్లో ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే చెమటకు పాకం కారిపోతుంది. పొద్దున్నే, ఫ్యాన్ కింద, ఒళ్లు తుడుచుకుని కొంచెం పౌడర్ అద్దుకుని మొదలుపెట్టండి. వెంట్రుక ఎటు పడుకుని ఉందో చూసి, అటువైపే పాకం పల్చగా రాయండి. గుడ్డ పరిచి, అదే దిక్కున రెండుమూడు సార్లు అరచేత్తో రుద్దండి. ఒక చేత్తో చర్మాన్ని బిగించి పట్టుకుని, రెండో చేత్తో ఎదురు దిక్కుకు ఒక్క ఊపున లాగండి. పైకి ఎత్తకూడదు, చర్మానికి ఆనుకునే పోవాలి. పైకి ఎత్తితే వెంట్రుక మధ్యలో తెగుతుంది, చర్మం కమిలిపోతుంది. లాగిన వెంటనే ఆ చోట అరచెయ్యి గట్టిగా అదమండి, సగం మంట అక్కడే పోతుంది. ఒకే చోట రెండోసారికి మించి లాగొద్దు. మిగిలినవి ప్లక్కర్‌తో తీసుకోవచ్చు. గుడ్డ లేకుండా పాకాన్ని ముద్దలా చేత్తో రాసి లాగేవాళ్లున్నారు. నాకది ఎన్నిసార్లు చేసినా చేతికే అతుక్కుంది, వదిలేశాను.

చక్కెర పాకంలో సుఖమేమంటే, మిగిలినదంతా గోరువెచ్చటి నీళ్లకే పోతుంది. ఆ రోజు వేడినీళ్ల స్నానం, సెంటు, బిగుతు లెగ్గింగ్ వద్దు. వారానికే అక్కడక్కడా మొలిచాయని కంగారు పడొద్దు. అన్ని వెంట్రుకలూ ఒకేసారి పెరగవు. లోపల నిద్రలో ఉన్నవి తర్వాత లేస్తాయి. మొత్తం మీద మూడు నాలుగు వారాలు నున్నగా ఉంటుంది. మధ్యలో రెండుమూడు రోజులకోసారి స్నానంలో తడిగుడ్డతో మెల్లగా రుద్దుకుంటే వెంట్రుక చర్మం లోపలే ముడుచుకుని గుల్లలు లేవడం తగ్గుతుంది.

చంకలకు పాకం వద్దంటాను. అక్కడ వెంట్రుక నాలుగు దిక్కులా ఉంటుంది, చర్మం బిగించి పట్టేందుకు ఇంకో చెయ్యి కావాలి. రేజర్ నయం. గోరువెచ్చటి నీళ్లు పోసుకుని, సబ్బు నురగ పట్టించి, వెంట్రుక ఎటుంటే అటే గీయండి. మా బోరు నీళ్లకు నురగ రాదు, నేను రెండు చుక్కలు కొబ్బరినూనె రాస్తాను. బ్లేడు మొద్దుబారగానే పారేయండి, ఒకరిది ఒకరు వాడొద్దు. గీస్తే మందంగా మొలుస్తాయంటుంది మా అత్త. అది నిజం కాదు. సూదిలో ఎక్కించడానికి నలిపిన దారం కొస సన్నగా ఉంటుంది, కత్తెరతో కత్తిరించిన కొస మొద్దుగా ఉంటుంది. దారం మాత్రం అదే. వెంట్రుక కూడా అంతే, మొద్దు కొస చేతికి గరుగ్గా తగులుతుంది.

వెంట్రుకలు తీసే క్రీముల్లో ఉండే థయోగ్లైకోలేట్ అనే రసాయనం, వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రొటీన్ బంధాలను తెంపి మెత్తగా కరిగిస్తుంది. చర్మంలోనూ కెరటిన్ ఉంది, అదే గొడవ. మూడేళ్ల కిందట చంకలకు రాసుకుని కూర్చున్నాను. ఇంతలో పెళ్లికూతురి తల్లి వచ్చి జాకెట్టు వీపు డిజైన్ మార్చమని మొదలుపెట్టింది. పెట్టె మీద రాసిన నిమిషాలు దాటి ఎంతసేపైందో చూసుకోలేదు. వారం రోజులు చెయ్యి దించలేక, మిషను హ్యాండిల్ తిప్పలేక ఏడ్చాను. ఆ సీజన్ ఆర్డర్లు సగం పక్కింటామెకు పోయాయి. కాబట్టి వాడితే ఫోనులో టైమర్ పెట్టండి, పెట్టె మీది సమయం ఒక్క నిమిషం కూడా మించనివ్వొద్దు. ముందురోజు మోచేతి మడతలో కొంచెం రాసి చూసుకోండి, 24 గంటల్లో ఎర్రబడకపోతేనే మిగతా చోట.

ముఖానికి ఒంటి క్రీము, ఒంటి పాకం రెండూ వద్దు. పసుపు, శెనగపిండి నలుగు పెట్టుకుంటే నూగు రాలిపోతుందని నమ్మకం. ఒళ్లు హాయిగా ఉంటుంది, వేర్లు మాత్రం కదలవు. పైగా ఆ పసుపుతో ట్రయల్‌కు వస్తే నా తెల్ల లైనింగ్ పాడవుతుంది. ఇక మర్మాంగాల దగ్గర చిన్న కత్తెరతో పొట్టిగా కత్తిరించుకుంటే చాలు, అక్కడ క్రీములు వద్దు. వెంట్రుకలు తీసే వెలుతురు మిషన్లు (ఐపీఎల్ అంటారు) వెంట్రుకలోని నల్లదనాన్ని పట్టుకుని పనిచేస్తాయి. మన చామనఛాయలోనూ ఆ నలుపే ఉంది కాబట్టి చర్మం కాలొచ్చు. కొనేముందు ఏ చర్మం రంగుకు పనికొస్తుందో పెట్టె మీద రంగుల పట్టీ చూసుకోండి.

షుగరు ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు పాకం లాగే ముందు డాక్టరును అడగండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు మింగుతున్నవాళ్లు అసలు ముట్టుకోవద్దు, చర్మం ఊడి వచ్చేస్తుంది. గడ్డం మీద, పొట్ట మీద గరుకు వెంట్రుకలు కొత్తగా వస్తూ, నెలసరి కూడా తప్పుతుంటే అది పీసీఓఎస్, అంటే ఆడవాళ్లలో హార్మోన్ల తేడా వల్ల వచ్చే సమస్య, కావచ్చు. పాకం పక్కన పెట్టి లేడీ డాక్టరు దగ్గరకు పోండి.

పాకం రాసేటప్పుడు ఒంటికి తగిలిన పుల్ల తిరిగి డబ్బాలో ముంచకపోతే, మిగిలిన పాకం మూత డబ్బాలో నెలైనా ఉంటుంది. డబ్బాను వేడినీళ్లలో పెడితే మళ్లీ కరుగుతుంది. పైన పేరు రాసి పెట్టండి. మావాడు స్కూలు నుంచి వచ్చి నిమ్మకాయ చాక్లెట్ అనుకుని సగం నాకేశాడు. చక్కెరే కాబట్టి ఏమీ కాలేదు గానీ, ఆ సాయంత్రం నా ఒక కాలు అలాగే మిగిలిపోయింది.