ఇంటి నంబరు లేనివారు ఇంటికి దరఖాస్తు చేసుకోవడం ఎలా? (విజయవాడ, గుంటూరు)

"ఇంటి నంబరు చెప్పమ్మా."

"లేదు బాబూ. ఇల్లు లేదనే గదా రాయించుకుందామని వచ్చాను."

"నంబరు కొట్టకపోతే కంప్యూటర్ ముందుకు పోదమ్మా."

ఒక వార్డు సచివాలయంలో నా ముందు నిలబడ్డ మామ్మగారికీ, బల్ల అవతల కూర్చున్న కుర్రాడికీ నడిచిన మాటలివి. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. కృష్ణలంక ఘాట్ దగ్గర పడుకుంటుంది. చేతిలో ఖాళీ పాల కవరు, అందులో నాలుగు మడతల ఆధార్ జిరాక్సు. మడతలు పడ్డచోట అంకెలు చెరిగిపోయాయి. ఆ కుర్రాడు కసురుకోలేదు, అబద్ధమూ చెప్పలేదు. అయినా ఆవిడ వెనక్కి తిరిగింది. మెట్ల దగ్గర ఇంకొకడు ఆవిడను ఆపి, మూడు వేలిస్తే అడ్రసు సంగతి తాను చూసుకుంటానన్నాడు.

ఆ మూడు వేలు ఎవరూ ఇవ్వక్కర్లేదు. చిరునామా లేని మనిషికి చిరునామా వచ్చే దారి ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. అది తెలియకనే జనం బల్ల దగ్గరి నుంచి వెనక్కి వెళ్లిపోతున్నారు. అందుకే మిగతా మెట్లు తొందరగా చెప్పి, ఈ ఒక్కదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

దేనికి దరఖాస్తు పెట్టాలి?

మూడున్నాయి. ఒకటి, ఈ రాత్రికి తలదాచుకునే చోటు, అంటే కార్పొరేషన్ ఆధ్వర్యంలో నడిచే నిరాశ్రయుల వసతి గృహం. నైట్ షెల్టర్ అంటే అందరికీ తెలుస్తుంది. రెండు, రాష్ట్ర ప్రభుత్వం పట్టణాల్లో ఇస్తామన్న 2 సెంట్ల ఇంటి స్థలం. మూడు, 2024 సెప్టెంబరు 1న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా కుటుంబంలో ఎవరి పేరునా పక్కా ఇల్లు లేకపోతే, ఇంటికి 2.50 లక్షల వరకు సాయం వస్తుంది. సొంత స్థలంలో కట్టుకునేవారికి ఒక విభాగం, కట్టిన ఇంటిని తీసుకునేవారికి ఒకటి, తక్కువ అద్దె ఇళ్లకు ఒకటి, బ్యాంకు రుణం మీద వడ్డీ రాయితీకి ఒకటి ఉన్నాయి. అద్దె ఇళ్ల విభాగంలో వలస కూలీలు, ఉద్యోగం చేసే ఆడవాళ్లతో పాటు ఇల్లూ వాకిలీ లేనివారి పేరు కూడా స్పష్టంగా రాశారు. సచివాలయంలో ఈ సంగతి అడిగేవాళ్లు తక్కువ. మీరు అడగండి.

షెల్టర్‌లో మంచం దొరికితే చాలదా అని కొందరు అంటారు. చాలదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది తేలారు. అదే లెక్కల్లో పట్టణాల్లో ఖాళీగా పడి ఉన్న ఇళ్లు 1.1 కోట్లు. ఆ మరుసటి ఏడాది కేంద్రం నియమించిన నిపుణుల బృందం, పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందనీ, అందులో నూటికి 95 పాళ్లకు పైగా పేదలదీ దిగువ ఆదాయం వారిదేననీ తేల్చింది. ఇంత కొరతలో రోడ్డు మీది మనిషి వంతు వచ్చేసరికి, ముందు తాగుడు మానాలి, పని చూసుకోవాలి, ఆ తర్వాత ఇల్లు అనే ధోరణి చాలా దేశాల్లో నడిచింది. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్ని తిరగేసింది. పాత షెల్టర్లను ఫ్లాట్లుగా మార్చి, మనిషి పేరు మీదే అద్దె ఒప్పందం రాసి, ముందు తాళంచెవి చేతికిచ్చింది. వైద్యం, పని, అప్పుల సంగతి ఆ గదిలో ఉంటూనే చూసుకుంటారు. అక్కడ నిరాశ్రయుల సంఖ్య ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చింది. తలుపేసుకుని పడుకునే చోటు దొరికాకే మనిషికి రేపటి గురించి ఆలోచించే ఓపిక వస్తుంది. ఘాట్ మీద నాలుగు రాత్రులు గడిపిన వాళ్లెవరినైనా అడగండి, ఇదే చెప్తారు. అందువల్ల షెల్టర్‌ను ఇంటి దాకా తీసుకెళ్లే మొదటి మెట్టుగా వాడుకోవాలి. అక్కడే ఆగిపోవద్దు.

అసలు చిక్కు: చిరునామా

ఇంటి పథకానికి ఆధార్ కావాలి, ఆధార్‌కు చిరునామా కావాలి, చిరునామాకు ఇల్లు కావాలి. ఈ ముడి విప్పడానికి రెండు దారులున్నాయి.

మొదటిది షెల్టర్ నుంచి. పట్టణ నిరాశ్రయుల పథకం నిబంధనల ప్రకారం, అక్కడ ఉండేవారికి గుర్తింపు కార్డు, పోస్టల్ చిరునామా, పింఛను, రేషన్, బ్యాంకు ఖాతా ఇప్పించడంలో తోడ్పడటం కూడా షెల్టర్ పనే. మంచం, దుప్పటితో వాళ్ల బాధ్యత తీరిపోదు. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలి. 2011 లెక్కల్లోనే 10 లక్షలు దాటిన విజయవాడకు ఆ ప్రకారం కనీసం పది ఉండాలి. మీకు దగ్గర్లో ఏది ఉందో కార్పొరేషన్ ఆఫీసులో అడగండి. చేరిన మొదటి రోజే రిజిస్టరులో పేరు రాయించుకోండి. తర్వాత, ఆధార్ సంస్థ నిర్ణయించిన నమూనాలో ధ్రువపత్రం ఇమ్మని నిర్వాహకుణ్ని అడగండి. గుర్తింపు పొందిన షెల్టర్ సూపరింటెండెంట్ లేదా వార్డెన్ ఇచ్చే ఆ పత్రాన్ని ఆధార్ కేంద్రంలో చిరునామా రుజువుగా తీసుకుంటారు. షెల్టర్ డోర్ నంబరే మీ డోర్ నంబరు అవుతుంది.

తిరస్కరణ ఎక్కువగా ఈ కాయితంలోనే మొదలవుతుంది. మామూలు లెటర్‌హెడ్ మీద 'ఫలానావారు మా వద్ద ఉంటున్నారు' అని రాసిస్తే చెల్లదు, ఆ నమూనాయే ఉండాలి. ఫొటో అంటించి, సంతకమూ ముద్రా సగం ఫొటో మీద, సగం కాయితం మీద పడేలా వేయించాలి. తేదీ తప్పనిసరి. ఆ తేదీ నుంచి 3 నెలలే అది పనికొస్తుంది. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఒక్కటి కూడా ఉండకూడదు. పిన్‌కోడ్ ఒక్క అంకె తేడా ఉన్నా వెనక్కి వస్తుంది. నాకు తెలిసిన ఒకాయన కాయితం మూడుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి కారణం, ముద్ర ఫొటో అంచును తాకకపోవడం. అంతే. షెల్టర్‌లో లేనివారికి ఇదే నమూనాలో తహసీల్దార్, గెజిటెడ్ అధికారి, ఎమ్మెల్యే కూడా సంతకం చేయవచ్చు.

అందరూ షెల్టర్‌లో ఉండలేరు. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరుగా నడిచేచోట మొగుడూపెళ్లాలు విడిపోవాలి. తోపుడుబండి ఉన్నవాళ్లు దాన్ని బయట వదిలి లోపల నిద్రపోలేరు. వాళ్లకు రెండో దారి ఓటరు కార్డు.

ఎన్నికల సంఘం నిబంధన ఒకటుంది. దీన్ని కంఠతా పట్టండి. ఇల్లు లేని మనిషి ఫారం 6లో, అంటే ఓటరుగా కొత్తగా పేరు ఎక్కించుకునే ఫారంలో, తాను రాత్రి పడుకునే చోటునే చిరునామాగా రాయవచ్చు. ఓటరు జాబితా చూసే బూత్ లెవెల్ ఆఫీసర్ (బీఎల్‌ఓ) రాత్రిపూట అక్కడికి వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూడాలి. ఒక్క రాత్రితో సరిపెట్టకూడదు, ఒకటికి మించి రావాలి. నిర్ధారణ అయితే నివాసానికి వేరే ఏ రుజువూ అక్కర్లేదు. ఇందులో పైసా ఖర్చు లేదు.

గుంటూరులో బస్టాండు దగ్గర పేవ్‌మెంట్ మీద ఇది జరగడం నేను కళ్లారా చూశాను. మిర్చి యార్డులో మూటలు మోసే ఆయన, తొడిమలు తీసే ఆయన భార్య, అట్టపెట్టెలు పరుచుకుని పడుకున్నారు. రాత్రి పది దాటాక బీఎల్‌ఓ వచ్చింది. పగలు అంగన్‌వాడీలో పనిచేసే అమ్మాయి. తోడుగా వాళ్లాయన బండి మీద వచ్చాడు. ఫోన్ లైటు వేసి పేర్లు అడిగి, పక్కనున్న టీ బంకునూ కరెంటు స్తంభాన్నీ గుర్తుగా రాసుకుంది. "మళ్లీ వస్తానక్కా, ఈ రెండు మూడు రోజులు చోటు మార్చకండి" అని చెప్పి వెళ్లింది. రెండు రోజుల తర్వాత నిజంగానే వచ్చింది.

'చోటు మార్చకండి' అన్నది చిన్న మాట కాదు. ఫారం ఇచ్చాక వానకో, పోలీసులు లేపితేనో వేరేచోట పడుకుంటే, ఆఫీసర్ వచ్చి చూసి 'లేరు' అని రాస్తారు. కదలక తప్పకపోతే పక్క టీ కొట్టాయనకు చెప్పి ఉంచండి, ఆఫీసర్ ఫోన్ నంబరు ముందే తీసుకోండి. ఎవరూ రాకపోతే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. కార్డు వచ్చాక అది ఆధార్‌కు చిరునామా రుజువుగా చెల్లుతుంది.

ఇక ఆధార్. ఇదివరకు తీయించుకుని పోగొట్టుకున్నవారు దయచేసి కొత్తది తీయించవద్దు. వేలిముద్రలు పాతదానితో కలిసి, డూప్లికేట్ అని కొట్టేస్తారు. కేంద్రానికి వెళ్లి 'నంబరు పోయింది, వెతికిపెట్టండి' అని అడగాలి. మొదటిసారి నమోదుకు డబ్బులు లేవు. చిరునామా మార్పుకు 75 రూపాయలు, రసీదుతో. 18 దాటినవారికి మొదటిసారి ఆధార్ రావడానికి విచారణ పేరుతో నెలలు పట్టవచ్చు. అది మామూలే, భయపడకండి. నమోదు రసీదు మాత్రం పోగొట్టుకోకండి.

మ్యాపింగ్‌లో పాత కుటుంబం

ఆధార్ చేతికి వచ్చాక సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఏ కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో రాసుకునే కంప్యూటర్ జాబితాలో, మీ పేరు ఎక్కాలి. చాలామంది పేర్లు ఊళ్లో అన్న ఇంట్లోనో, విడిపోయిన భర్త ఇంట్లోనో ఇంకా ఉండిపోయి ఉంటాయి. అన్నకు డాబా ఉంటే మీకూ ఉన్నట్టు తెర మీద కనబడుతుంది. అప్పుడు చెప్పాల్సిన మాట ఇది: ఆవాస్ యోజన లెక్కలో కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. అన్న ఇల్లు నా ఇల్లు కాదు. నోటితో చెప్పి వదిలేయక అర్జీగా రాసిచ్చి, మీ కాపీ మీద సంతకమూ తేదీ వేయించుకోండి. భర్త నుంచి విడిపోయిన ఆడవాళ్లకు ఇది మరీ కష్టం, విడాకుల కాయితం అడుగుతారు. లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు అక్కడ న్యాయసాయం ఉచితం.

వేలిముద్ర పడకపోతే కంగారు పడవద్దు. మూటలు మోసినా, సిమెంటు కలిపినా గీతలు అరిగిపోతాయి. కంటిపాపతో తీయమని అడగండి.

ఇక ఇంటికి పేరు రాసుకునే సర్వే. అది చాలా తేలిక. వార్డు ఎమినిటీస్ సెక్రటరీ దగ్గర ఆవాస్ యోజనకు, రెవెన్యూ సెక్రటరీ దగ్గర ఇంటి స్థలానికి పేరు ఇవ్వాలి. కుటుంబంలో అందరి ఆధార్లు, ఆధార్‌తో కలిసిన బ్యాంకు ఖాతా, ఆదాయం రుజువు, కులపత్రం వర్తిస్తే అదీ తీసుకెళ్లండి. స్థలం లేనివారు ఆ మాట ముందే చెప్పాలి. సొంత స్థలం విభాగంలో పేరు పడితే స్థలం పత్రం లేదని తిప్పి పంపుతారు. వితంతువులు, ఒంటరి ఆడవాళ్లు, వికలాంగులు, వృద్ధులు, ట్రాన్స్‌జెండర్లు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఉంది. అది నమోదు చేశారో లేదో చూసుకోండి.

గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ ఇంటి పథకంలోనైనా లబ్ధి పొంది ఉంటే దాచవద్దు, ఆధార్‌తో బయటపడుతుంది. ఎక్కడో ఊరి బయట ఇచ్చారు, అక్కడ పని లేక తిరిగి రోడ్డు మీదికే వచ్చాం అనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అది మీ తప్పు కాదు. పట్టా ఇచ్చారు గానీ స్థలం చూపలేదు అన్న పరిస్థితి అయితే, దాన్ని రాతపూర్వకంగా పెట్టండి.

దళారుల గురించి

సర్వేలో పేరు ఎక్కించడానికి ఫీజు లేదు. టిడ్కో ఇల్లు, అంటే పట్టణాల్లో ప్రభుత్వం కట్టిన ఫ్లాటు, ఇప్పిస్తానని అడ్వాన్సు అడిగేవాడి చేతిలో ఇల్లు ఉండదు. లామినేషన్ చేసిన పట్టా చూపించి 'పేరు మార్పిస్తా' అంటే నమ్మవద్దు. ప్రభుత్వం ఇచ్చిన స్థలాన్ని అమ్మకూడని గడువు తీరకముందు తెల్లకాయితం మీద కొంటే, డబ్బూ పోతుంది, స్థలమూ వెనక్కి పోతుంది. ఒరిజినల్ ఆధార్ ఎవరి చేతిలోనూ వదిలిపెట్టకండి. మీ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పవద్దు. ఇప్పటికే డబ్బు ఇచ్చి మోసపోయినవారు సిగ్గుపడక పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మోసం చేసింది వాడు.

తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి. సోమవారాలు కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. కాయితం రాయలేనివారు ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసి నోటితో చెప్పవచ్చు. రెండింటిలోనూ ఫిర్యాదు నంబరు ఇస్తారు. దాన్ని ఫోన్‌లోనే కాక, చిన్న కాయితం మీద కూడా రాసి పెట్టుకోండి. రోడ్డు మీద ఫోన్లు పోతాయి.

ఇల్లు వచ్చిందని కబురు అందినరోజే షెల్టర్ రిజిస్టరులో పేరు కొట్టేయించుకోవద్దు. ముందు వెళ్లి నీళ్లు వస్తున్నాయా, కరెంటు మీటరు బిగించారా, పనికి వెళ్లే బస్సు ఎక్కడ ఆగుతుందో చూసుకోండి. అక్కడ నాలుగు రోజులు పడుకున్నాక, అలాట్‌మెంట్ పత్రం తీసుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లి కొత్త డోర్ నంబరు వేయించుకోండి. ఓటరు కార్డులో చిరునామా మార్చడానికి ఫారం 8 ఇవ్వాలి.