కార్బన్ సంగ్రహణకు ప్రభుత్వ సాయం: ప్రకటనను ఎలా చదవాలి?

విద్యుత్ కేంద్రం పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఒడిసిపట్టి భూగర్భంలో దాచే పథకానికి ప్రభుత్వం సాయం ప్రకటించినప్పుడు, మొత్తం ఎంతో చూసే ముందు ఆ డబ్బు ఏ దశలో కంపెనీ చేతికి అందుతుందో చూడండి.

నిర్మాణానికే ఇచ్చే గ్రాంటయితే, ప్లాంటు నడిచే ఏళ్లలో ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో వెతకాలి. టెక్సస్‌లోని పెట్రా నోవా అనే కార్బన్ సంగ్రహణ ప్లాంటుకు అమెరికా ఇంధన శాఖ సుమారు 19 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2017లో మొదలైన ఆ ప్లాంటు, పట్టిన వాయువును పాత చమురు క్షేత్రంలోకి పంపి మరింత చమురు తీయడం మీదే ఆధారపడింది; 2020లో చమురు ధర పడిపోగానే ఆగిపోయి, 2023లో గానీ మళ్లీ నడవలేదు. అదే దేశంలోని 45క్యూ పన్ను రాయితీ మాత్రం టన్నుల లెక్కన వస్తుంది: 2022 చట్టంతో భూగర్భంలో నిల్వ చేసిన టన్నుకు 85 డాలర్ల వరకు, 12 ఏళ్ల పాటు. పట్టకపోతే పైసా రాదు కాబట్టి, ప్రజాధనం దృష్ట్యా ఇదే మేలని నా అభిప్రాయం, తొలి పెట్టుబడి భారం కంపెనీదే అయినా.

తర్వాత నిర్వహణ ఖర్చు. పొగను అమీన్ అనే రసాయనం కలిపిన ద్రావణం గుండా పంపితే కార్బన్ డయాక్సైడ్ అందులో కలుస్తుంది. దాన్ని విడగొట్టడానికి ద్రావణాన్ని దాదాపు 120 డిగ్రీల వరకు వేడి చేయాలి. అందుకు కావలసిన ఆవిరిని సాధారణంగా కరెంటు తీసే టర్బైన్ నుంచే మళ్లిస్తారు కనుక, అమ్ముకోవడానికి మిగిలే కరెంటు తగ్గుతుంది. ఈ నష్టాన్ని ఎవరు భరిస్తారో ఒప్పందంలో రాసి ఉండాలి. బ్రిటన్‌లోని టీసైడ్ గ్యాస్ విద్యుత్ కేంద్రం 2024 డిసెంబరులో చేసుకున్న ఒప్పందం ప్రకారం, కరెంటు అమ్మకాలతో నిమిత్తం లేకుండా, సంగ్రహణకు సిద్ధంగా ఉన్నందుకే కొంత చెల్లింపు అందుతుంది.

సంతకాలయ్యాయా, కేవలం ప్రకటనేనా అన్నది తప్పక చూడండి. ఇలాంటి సాయం ఎవరికివ్వాలో తేల్చడానికి 2007లో బ్రిటన్ మొదలుపెట్టిన పోటీలో చివరికి మిగిలిన లాంగానెట్ బొగ్గు విద్యుత్ కేంద్రం పథకం 2011లో రద్దయింది. వంద కోట్ల పౌండ్ల రెండో పోటీని 2015 నవంబరులో ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. ‘వరకు’ అన్న మాటనూ వదలకండి: 2024 అక్టోబరులో ప్రకటించిన 2,170 కోట్ల పౌండ్ల ‘వరకు’ సాయం 25 ఏళ్లకు, పలు ప్రాజెక్టులకు కలిపి చెప్పిన లెక్క.

చివరగా, నిల్వను మూసేశాక లీకైతే బాధ్యత ఎవరిదో చూడండి. 2009 నాటి ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం, మూసివేత తర్వాత సాధారణంగా కనీసం 20 ఏళ్లు అది నిర్వాహకుడిదే. వాయువు శాశ్వతంగా నిలిచి ఉంటుందని ఆధారాలు చూపి, కనీసం 30 ఏళ్ల పర్యవేక్షణకు సరిపడే సొమ్ము జమ చేశాకే ఆ బాధ్యత ప్రభుత్వానికి బదిలీ అవుతుంది.