ఓడ ఎక్కే ముందు: ఫుడ్ అలర్జీ ఉన్న పిల్లల కోసం జాగ్రత్తలు

- బుకింగ్ అప్పుడే అలర్జీ సంగతి క్రూయిజ్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. ఎక్కిన రోజే హెడ్ వెయిటర్‌ను కలిసి మళ్లీ చెప్పండి. మర్నాటి వంటకాలు ముందు రాత్రే ఎంచుకుంటే విడిగా వండడానికి వాళ్లకు వీలుంటుంది.

- ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్లు (అలర్జీ తీవ్రమైతే వెంటనే ఇచ్చే అత్యవసర మందు) కనీసం రెండు, గడువు తేదీ చూసి, చేతి సంచిలోనే పెట్టుకోండి. పెద్ద సామాను గదికి చేరేసరికి గంటలు పట్టవచ్చు. రేవులో దిగినా, స్విమ్మింగ్ పూల్ దగ్గరున్నా అవి వెంట ఉండాలి. ఎండలో మాత్రం వదలొద్దు. దద్దుర్లకు వేసే అలర్జీ మాత్ర వీటికి బదులు కాదు, ఇది ఇంట్లో అందరికీ తెలియాలి.

- బఫే అంటే నాకు భయమే. ఒక గిన్నెలోని గరిటె ఇంకో గిన్నెలోకి పోతుంది. కూర్చుని ఆర్డర్ ఇచ్చే చోటే నయం.

- కిడ్స్ క్లబ్‌లో వదిలే ముందు సిబ్బందికి లక్షణాలు చెప్పి, ఇంజెక్షన్ ఎవరు ఇస్తారో అడగండి.

- మెడికల్ సెంటర్ ఏ డెక్‌లో ఉందో చూసుకోండి.